43 ఏళ్లకే నెలసరి లెక్క తప్పుతోంది, తెల్లవారుజామునే నిద్ర తెగిపోతోంది: ఇవి ముట్లు ఆగే దశకు ముందు కనిపించే లక్షణాలేనా?

హనుమకొండ ఉపాధ్యాయిని అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా వయసు 43 ఏళ్లు. హనుమకొండలో ఉంటూ పరకాల వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. ఇద్దరు పిల్లలు. చిన్నవాడు పుట్టిన తరువాత కాపర్-టీ వేయించుకున్నాను, ఇప్పటికీ అదే ఉంది. పెద్దమనిషినైన నాటి నుంచి నాకు నెలసరి 28, 29 రోజులకు తప్పేది కాదు. పరీక్షల డ్యూటీ అయినా, బంధువుల ఇంట్లో పెళ్లయినా ఆ లెక్క చూసుకునే ఒప్పుకునేదాన్ని. ఏడాది కాలంగా ఆ లెక్క కుదరడం లేదు. ఒకసారి 23 రోజులకే వస్తుంది, మరోసారి 34 రోజులు దాటినా రాదు. వచ్చినప్పుడు మొదటి రెండు రోజులు మునుపటి కంటే బాగా ఎక్కువగా అవుతోంది.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నవి వేరే ఉన్నాయి. రాత్రి పడుకోగానే నిద్ర పడుతుంది కానీ, మూడు గంటల ప్రాంతంలో ఎవరో తట్టి లేపినట్లు మెలకువ వచ్చి, గుండె దడదడ కొట్టుకుంటుంది, ఇక తెల్లారేదాకా కన్ను మూతపడదు. నెలసరికి ముందు వారం ఇది మరీ ఎక్కువ. ఆ వారంలోనే ఇంట్లో పిల్లల మీద, బడిలో విద్యార్థుల మీద కారణం లేకుండా కోపం వస్తుంది, రొమ్ములు బరువెక్కి తాకితే నొప్పి పెడతాయి. ఏళ్ల తరబడి చెబుతున్న పాఠంలో, తొమ్మిదో తరగతి పిల్లల ముందు, బాగా తెలిసిన మాటే నోటికి రాక ఆగిపోతున్నాను. ఎడమ భుజం పట్టేసింది, బస్సులో నిలబడి పైన కడ్డీ పట్టుకోవాలంటే చేయి లేవడం లేదు. ఒంట్లో సెగలు వస్తాయని అందరూ చెబుతారు, నాకు అవి పెద్దగా లేవు. స్టాఫ్ రూంలో ఫ్యాను కింద కూర్చుని ఉండగానే మెడ, ముఖం వేడెక్కి చెమట పోసిన సందర్భాలు ఒకటి రెండు మాత్రం ఉన్నాయి.

గుండెదడ కోసం ఒక వైద్యుడికి చూపించుకుంటే ఈసీజీ, రక్తపోటు బాగున్నాయని, టెన్షన్ తగ్గించుకోమని చెప్పి పంపించారు. ఊళ్లో మా అమ్మ మాత్రం "నాకు నలభై ఎనిమిదేండ్లు వచ్చేదాక ముట్లు ఆగలే, నీకు గిప్పుడే ఏంది బిడ్డా" అంటోంది. తోటి ఉపాధ్యాయిని ఒకరు గర్భసంచి తీయించుకుంటే ఈ బాధలన్నీ ఒక్కసారే పోతాయని సలహా ఇచ్చారు. ల్యాబ్‌కు వెళితే హార్మోన్ల ప్యాకేజీ చేయించుకోమన్నారు. అసలు ఈ దశ మొదలైనప్పుడు ముందుగా ఏమేమి కనిపిస్తాయి? ఏ పరీక్షలు నిజంగా అవసరం? ఎప్పుడు భయపడాలి, ఎప్పుడు ఊరుకోవచ్చు? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

స్త్రీవైద్య నిపుణురాలు, వరంగల్:

టీచర్ గారూ, మీరు రాసినవన్నీ ఒక్కచోట పెట్టి చూస్తే ఇది పెరిమెనోపాజ్, అంటే ముట్లు పూర్తిగా ఆగిపోవడానికి ముందు నడిచే మార్పుల కాలం, మొదలైనట్లే కనిపిస్తోంది. మిమ్మల్ని స్వయంగా పరీక్షించకుండా ఇంతకు మించి ఖాయంగా చెప్పడం సరికాదు. అయినా ఎందుకు అలా అనుకుంటున్నానో చెబుతాను.

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అంటాము. మన దేశంలో అది సగటున 46, 47 ఏళ్లకు వస్తుంది, పాశ్చాత్య దేశాలలో 51 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. దానికి ముందరి మార్పుల కాలం చాలామందిలో నాలుగేళ్లు, కొందరిలో ఏడెనిమిదేళ్లు కూడా నడుస్తుంది. మీ అమ్మగారికి 48 ఏళ్లకు ముట్లు ఆగాయంటే, ఆమెకు కూడా 43, 44 ఏళ్ల నుంచే మార్పులు మొదలై ఉండవచ్చు. తల్లికి ఆగిన వయసు కూతురి విషయంలో ఒక మంచి అంచనా ఇస్తుంది కాబట్టి, అమ్మగారు చెప్పిన మాట మీ అనుమానానికి బలమే తప్ప అడ్డు కాదు.

నెలసరి ముందుగా దగ్గర పడి, ఆ తరువాత దూరం కావడానికి ఒక కారణం ఉంది. ఆడపిల్ల పుట్టినప్పుడు అండాశయాలలో 10 నుంచి 20 లక్షల దాకా అండాలు ఉంటాయి. పెద్దమనిషి అయ్యేనాటికి అవి మూడు నాలుగు లక్షలకు తగ్గి, ముట్లు ఆగేనాటికి వెయ్యి చుట్టుపక్కలకు చేరతాయి. నలభై దాటాక అండాల నిల్వ తగ్గిన కొద్దీ, అండాశయాన్ని పనిచేయించడానికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను మునుపటి కంటే ఎక్కువగా వదులుతుంది. ఆ ఒత్తిడికి అండం తొందరగా పక్వానికి వస్తుంది, అందుకే మొదట్లో 28 రోజుల నెల 24, 23 రోజులకు కుదించుకుపోతుంది. కొంతకాలానికి కొన్ని నెలల్లో అండం అసలు విడుదల కాదు. అండం విడుదల కాని నెలలో ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ తయారు కాదు, ఈస్ట్రోజెన్ అనే మరో హార్మోన్ ఒక్కటే పనిచేసి గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది, దాంతో నెలసరి ఆలస్యంగా వచ్చి, వచ్చినప్పుడు ఎక్కువగా అవుతుంది. ఈ కాలంలో ఈస్ట్రోజెన్ మెట్టు మెట్టుగా తగ్గుతూ పోతుందని చాలామంది అనుకుంటారు కానీ, నిజానికి అది ఒక వారం బాగా పెరిగి, మరో వారం పడిపోతుంది. మీ రొమ్ముల నొప్పికి ఆ పెరుగుదల, తెల్లవారుజామున మెలకువకు ఆ పతనం చాలావరకు కారణమై ఉండవచ్చు.

ఈ దశను గుర్తించడానికి 2001లో వైద్యులు, పరిశోధకులు కూర్చుని ఒక కొలమానం తయారు చేసి, 2011లో దానిని సవరించారు. దాని ప్రకారం, ఒక నెలసరికి, మరుసటి నెలసరికి మధ్య వ్యవధిలో 7 రోజులు లేదా అంతకు మించి తేడా రావడం, అటువంటి తేడా పది నెలసరుల లోపల మళ్లీ కనిపించడం, ఈ మార్పుల కాలం మొదటి భాగానికి గుర్తు. వ్యవధి 60 రోజులు దాటితే రెండో భాగంలోకి వెళ్లినట్లు, ఆ తరువాత సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లలో ముట్లు ఆగుతాయి. మీ 23, 34 రోజుల లెక్క ఈ మొదటి భాగానికి సరిపోతోంది. సెగలు ఎక్కువగా రెండో భాగంలో, ముట్లు ఆగిన మొదటి ఏళ్లలో ఉధృతంగా ఉంటాయి కాబట్టి, అవి లేవన్న ఒక్క కారణంతో ఇది పెరిమెనోపాజ్ కాదని తోసిపుచ్చకూడదు. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది నిద్ర పోయిందని, గుండె దడ అని, మతిమరుపు అని ముందు వేరే వైద్యుల దగ్గర తిరిగి, చివరికి నెలసరి గురించి ఎవరూ అడగలేదని బాధపడుతూ వస్తారు.

ఇక పరీక్షల సంగతి. హార్మోన్ల ప్యాకేజీకి డబ్బు ఖర్చు పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం. ఎఫ్‌ఎస్‌హెచ్ ఈ వయసులో వారం వారం మారుతుంది. ఈరోజు 30 చూపించిన ల్యాబ్, మరుసటి నెల 8 చూపించవచ్చు, రెండూ నిజమే అయినా రెండింటితోనూ నిర్ణయం తీసుకోలేము. బ్రిటన్‌లో 2015లో వెలువడిన వైద్య మార్గదర్శకాలు 45 ఏళ్లు దాటినవారిలో లక్షణాలను బట్టే ఈ దశను గుర్తించాలని, ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష మీద ఆధారపడవద్దని స్పష్టంగా చెప్పాయి. 40 నుంచి 45 మధ్య వయసువారికి లక్షణాలతో పాటు నెలసరిలో మార్పు ఉంటే అవసరాన్ని బట్టి చేయవచ్చు. 40 లోపు వారికైతే తప్పనిసరిగా చేయాలి, ఎందుకంటే అంత ముందుగా అండాశయాలు ఆగిపోతే ఎముకలకు, గుండెకు దీర్ఘకాలిక నష్టం ఉంటుంది.

మీకు అవసరమైనవి వేరే ఉన్నాయి. నెలసరి ఆలస్యమైన ప్రతిసారీ ముందు మూత్రంతో గర్భం పరీక్ష చేసుకోవాలి, కాపర్-టీ ఉన్నా సరే. థైరాయిడ్ తక్కువైనా ఎక్కువైనా నెలసరి తప్పడం, గుండెదడ, మతిమరుపు, చిరాకు అన్నీ అచ్చంగా ఇలాగే ఉంటాయి కాబట్టి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి. రక్తం ఎక్కువగా పోతోంది కనుక హిమోగ్లోబిన్ చూడాలి. అది 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతే, ఆ రక్తహీనత కూడా గుండెదడకు, ఆయాసానికి కారణమవుతుంది. భుజం పట్టేయడం ఈ వయసు స్త్రీలలో తరచుగా చూస్తాము, అయితే మధుమేహం ఉన్నవారిలో కూడా అది ఎక్కువ, కాబట్టి రక్తంలో చక్కెర చూపించుకోండి. గర్భసంచికి ఒక అల్ట్రాసౌండ్ స్కాన్ చేయిస్తే గడ్డలు ఉన్నాయా, లోపలి పొర మందం ఎంత, కాపర్-టీ సరైన చోటే ఉందా అనేది తెలుస్తుంది. కాపర్-టీ వల్ల కూడా నెలసరి ఎక్కువ కావచ్చు కనుక, చూసే వైద్యురాలికి ఆ సంగతి ముందే చెప్పండి.

ఏ రకమైన రక్తస్రావాన్నీ "వయసు వల్లనే" అని వదిలేయకూడని సందర్భాలు ఉన్నాయి. గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా తడిసిపోవడం, ఏడు రోజులు దాటి అవుతుండడం, 21 రోజుల కంటే ముందే పదే పదే రావడం, రెండు నెలసరుల మధ్యలో కనిపించడం, దాంపత్యం తరువాత రక్తం కనిపించడం, ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్లీ ఒక్క చుక్క కనిపించినా సరే, వెంటనే చూపించుకోవాలి. వీటిలో ఎక్కువ భాగం చికిత్సకు లొంగే కారణాలే అయినా, గర్భసంచి క్యాన్సరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు కూడా మొదట ఇలాగే బయటపడతాయి. 45 దాటినవారిలో అవసరమైతే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాము.

చికిత్స గురించి ఒక్క మాట. అవసరమైనవారికి హార్మోన్ చికిత్స మంచిదే. 60 ఏళ్ల లోపు, లేదా ముట్లు ఆగిన పదేళ్ల లోపు మొదలుపెడితే చాలామందిలో నష్టం కంటే మేలు ఎక్కువ. అయితే రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి, కాళ్లలోనో ఊపిరితిత్తులలోనో రక్తం గడ్డకట్టినవారికి, కారణం తేలని రక్తస్రావం ఉన్నవారికి ఇవ్వము. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు, ప్రొజెస్టరాన్ కూడా తోడు ఉండాలి. కాబట్టి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మందు ఇది కాదు.

విశ్రాంత స్టాఫ్ నర్సు, కరీంనగర్:

డాక్టరమ్మ చెప్పినదానికి నేను అదనంగా చేర్చగలిగేది పల్లెల్లో చూసిన అనుభవమే. మా వైపు చొప్పదండి, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో బీడీలు చుట్టే అక్కలు చాలామంది. వాళ్లు మా దగ్గరికి వచ్చినప్పుడు "నెలసరి తప్పింది" అని ఎన్నడూ మొదలుపెట్టరు. "చేతివేళ్లు పొద్దున వంగుతలేవు, ఆకు కత్తిరించరాక కట్టలు తగ్గినయి" అంటారు, "రాత్రంత మనసున పడ్తలేదు" అంటారు. చేట ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి కూర్చునే పని కాబట్టి నొప్పులన్నీ పని వల్లనే అనుకుంటారు, మేము కూడా నొప్పి గోలీ ఇచ్చి పంపిస్తే అక్కడితో కథ ముగిసిపోతుంది. అందుకే నేను నలభై దాటిన ఎవరు కీళ్ల నొప్పి అని వచ్చినా, పోయిన నెల ఎప్పుడు బయట చేరారు, అంతకు ముందు నెల ఎప్పుడు అని అడిగేదాన్ని. అడిగితే తప్ప చెప్పరు. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం అరగంట ఆగరు.

టీచరమ్మా, మీరు ఇప్పటి నుంచి ఒక పని చేయండి. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరులో మొదటి రోజు తేదీ చుట్టూ గీత గీసి, ఎక్కువగా అయిన రోజులకు పక్కన రెండు చుక్కలు పెట్టండి, నిద్ర తెగిన రాత్రికి చిన్న గుర్తు వేయండి. ఇంట్లో అందరూ చూస్తారని సంకోచమైతే డైరీలో రాసుకోండి. మూడు నాలుగు నెలలు రాసిన తరువాత, నిద్ర పోయిన రాత్రులు, కోపం వచ్చిన రోజులు నెలసరికి ముందు వారంలోనే గుంపుగా ఉన్నాయా, నెల పొడుగునా ఉన్నాయా అనేది కళ్ల ముందు కనబడుతుంది. నెల పొడుగునా ఉంటే థైరాయిడ్, రక్తహీనత, మానసిక కుంగుబాటు వైపు ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఆ కాగితం డాక్టరు ముందు పెడితే మీరు పావుగంట చెప్పేది ఆమె నిమిషంలో చూస్తుంది.

ఇంకొక ముఖ్యమైన మాట. సద్దుల బతుకమ్మకు, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు, ఇంట్లో శుభకార్యాలకు అడ్డు రాకూడదని మన ఆడవాళ్లు నెలసరి వాయిదా మాత్రలు వేసుకుంటారు. మాత్ర ఆపిన రెండు మూడు రోజులకు వచ్చే రక్తస్రావం ఆ మాత్ర వల్ల వచ్చినదే కాబట్టి, దాన్ని మామూలు నెలసరిగా లెక్కలో కలిపితే వ్యవధి అంతా తప్పుతుంది. వేసుకున్న నెల పక్కన "మాత్ర" అని రాసి పెట్టుకోండి. పైగా నలభై దాటాక, అందులోనూ రక్తపోటు ఉన్నవారు, గతంలో రక్తం గడ్డకట్టిన సమస్య ఉన్నవారు డాక్టరును అడగకుండా ఆ మాత్రలు వేసుకోవడం మంచిది కాదు.

ప్రైవేటులో చూపించుకునే స్తోమత లేనివారి కోసం కూడా చెబుతున్నాను. 2023 మార్చి 8న మన రాష్ట్రంలో మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో, మంగళవారాలు స్త్రీలకు ప్రత్యేకంగా కేటాయించి, చేర్చిన ఎనిమిది రకాల సేవలలో ముట్లు ఆగే దశ ఇబ్బందులను కూడా చేర్చారు, క్యాన్సరు పరీక్షలు కూడా అందులో ఉన్నాయి. మీ దగ్గరి కేంద్రం ఏది, ఏ రోజు చూస్తారు అనేది ఆశా కార్యకర్తను అడిగితే చెబుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో రాసిన రక్తపరీక్షలు, థైరాయిడ్‌తో సహా, తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా చేస్తారు.

జగిత్యాల నుంచి ఒక అక్క:

చెల్లీ, గర్భసంచి తీయించుకోమని మీకు సలహా ఇచ్చినవారి మాట గురించే రాయాలని వచ్చాను. మా వదినకు 36 ఏళ్ల వయసులో తెల్లబట్ట, నడుము నొప్పి అని వెళితే, ఉంచుకుంటే క్యాన్సరు అవుతుందని భయపెట్టి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి తీసేశారు, దానితో పాటు అండాశయాలు కూడా తీశారని కాగితాలు చదివించుకుంటే గానీ మాకు తెలియలేదు. ఆపరేషన్ అయిన నెల లోపలే ఆమెకు సెగలు మొదలయ్యాయి. జనవరి చలిలో దుప్పటి తీసేసి వాకిట్లో కూర్చునేది. పత్తి ఏరడానికి వంగితే నడుము లేవనిచ్చేది కాదు. నలభై ఐదు రాకముందే ఎముకలు గుల్లబారుతున్నాయని చెప్పారు. నెలసరి పీడ పోతుందనుకున్నది నిజమే, కానీ దాని స్థానంలో వచ్చినవి అంతకంటే పెద్దవి.

ఇది మా ఇంటి ఒక్కరి సంగతి కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం, దేశంలో ఈ రెండు రాష్ట్రాలే ముందున్నాయి. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని ఆపే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నిజంగా అవసరమైనవారికి ఆ ఆపరేషన్ ప్రాణం కాపాడుతుందని నాకు తెలుసు. నేను అడుగుతున్నది ఒక్కటే, రెండో డాక్టరుకు చూపించకుండా, అండాశయాలు ఉంచుతారా తీస్తారా అని కాగితం మీద రాయించుకోకుండా సంతకం పెట్టవద్దు.

డాక్టరమ్మ గారికి ఒక ప్రశ్న. గర్భసంచి మాత్రమే తీసి అండాశయాలు ఉంచినవారు మా సంఘంలో చాలామంది ఉన్నారు. నెలసరి రాదు కాబట్టి, వాళ్లకు ఈ దశ మొదలైందని ఎట్లా తెలుస్తుంది?

స్త్రీవైద్య నిపుణురాలు, వరంగల్:

అక్కా, చాలా అవసరమైన ప్రశ్న అడిగారు. అండాశయాలు ఉంటే హార్మోన్ల ఎగుడుదిగుళ్లు వారిలోనూ జరుగుతాయి, క్యాలెండరు మాత్రం సాయం చేయదు. పైగా గర్భసంచి తీసినవారిలో అండాశయాలు ఉన్నా మిగతావారి కంటే కొంత ముందుగానే పనిచేయడం ఆపవచ్చు. అందువల్ల కొత్తగా నిద్ర చెడడం, ఫ్యాను కింద ఉన్నా ఉన్నట్టుండి మెడ, ముఖం వేడెక్కి ఒకటి నుంచి ఐదు నిమిషాలలో చెమటతో తగ్గిపోవడం, పొద్దున కీళ్లు బిగుసుకోవడం, యోనిలో పొడిబారి దాంపత్యం నొప్పిగా మారడం, పదే పదే మూత్రంలో మంట రావడం వంటివి చూసుకోవాలి. 45 లోపు ఇవి కనిపిస్తే వీరికి మాత్రం నేను ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షను వారాల ఎడంతో రెండుసార్లు చేయిస్తాను. 45 లోపే రెండు అండాశయాలూ తీసేసినవారైతే, మీ వదిన గారి వంటి వారు, ఇబ్బంది ఉన్నా లేకున్నా హార్మోన్ చికిత్స గురించి, ఎముకల సాంద్రత పరీక్ష గురించి తప్పక వైద్యురాలితో మాట్లాడాలి. సహజంగా ముట్లు ఆగే వయసు వరకు ఆ చికిత్స తీసుకోవడం, అభ్యంతరం లేనివారికి, మంచిదని వైద్యశాస్త్రం చెబుతోంది.

గోదావరిఖని, సింగరేణి ఉద్యోగి:

ఆడవాళ్ల విషయంలో మగవాడిని రాయవచ్చో లేదో తెలియదు, అయినా మా ఇంటి పరిస్థితి చూసి రాస్తున్నాను. నా భార్య వయసు 46. మా రామగుండం ఎండల సంగతి అందరికీ తెలిసినదే, మే నెలలో రాత్రి పూట కూడా గోడలు చల్లబడవు. ఆమెకు చెమటలు పడుతుంటే ఎండ వల్లనే అనుకుని కూలర్ కొన్నాము. వానాకాలం వచ్చినా తగ్గలేదు. దానికంటే కష్టమైనది, పూర్వం ఎంతో హుషారుగా ఉండే మనిషి ఇప్పుడు ఎవరింటికీ వెళ్లడం లేదు, వంట చేస్తూ కన్నీళ్లు పెట్టుకుంటుంది, ఎందుకని అడిగితే తనకే తెలియదంటుంది. మా చిన్నమ్మాయి పుట్టినప్పుడు కూడా కొన్ని నెలలు ఇలాగే ఉండేది. ఇది కూడా ఆ వయసు మార్పేనా, లేక మానసిక వైద్యుడికి చూపించాలా? నేను ఇంట్లో ఏమి చేయగలను?

స్త్రీవైద్య నిపుణురాలు, వరంగల్:

రాయవచ్చు, రాయాలి కూడా. ఎండ వల్ల పట్టే చెమట శరీరమంతా ఒకేలా, నీడలోకి వస్తే తగ్గేలా ఉంటుంది. ఈస్ట్రోజెన్ ఎగుడుదిగుళ్లకు మెదడులోని ఉష్ణోగ్రత నియంత్రణ కేంద్రం మరీ సున్నితమై, కొద్దిపాటి వేడికే శరీరాన్ని చల్లబరిచే ప్రయత్నం మొదలుపెడుతుంది. అందుకే ఛాతీ నుంచి ముఖానికి సెగ ఒక్కసారి ఎగబాకి, చెమట పోసి, చివరికి చలి వేస్తుంది. వేడి వేడి టీ, కల్లు, మద్యం, మరీ ఘాటైన కూరలు కొందరిలో దీన్ని రేపుతాయి. మీ భార్యకు ఏవి పడటం లేదో ఆమెనే గమనించమనండి, అన్నీ మాన్పించనవసరం లేదు.

రెండో విషయం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. కాన్పు తరువాత మనసు కుంగిన స్త్రీలకు ఈ దశలో మళ్లీ కుంగుబాటు వచ్చే అవకాశం ఎక్కువ, హార్మోన్ల హెచ్చుతగ్గులకు వారి మనసు ఎక్కువగా స్పందిస్తుంది. రెండు వారాలకు మించి రోజూ దిగులుగా ఉండడం, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం ఉంటే అది చికిత్స చేయవలసిన జబ్బే. స్త్రీవైద్యురాలికి, మానసిక వైద్యుడికి ఇద్దరికీ చూపించండి, ఒకరు చూశారని రెండోది మానవద్దు. కుంగుబాటుకు వాడే కొన్ని మందులు సెగలను కూడా తగ్గిస్తాయి. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఆమె నోట ఎప్పుడైనా వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి, ఆమెను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో మీరు చేయగలిగినది అడిగారు. రాత్రి నిద్రలేని మనిషికి పొద్దున ఐదింటికి లేచి డబ్బా కట్టే పని తప్పించండి, ఆసుపత్రికి వెంట వెళ్లి, ఆమె చెప్పలేనిది మీరు గమనించినంతవరకు చెప్పండి.

హనుమకొండ ఉపాధ్యాయిని:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న హార్మోన్ల ప్యాకేజీ వద్దని చెప్పి, థైరాయిడ్, హిమోగ్లోబిన్, చక్కెర పరీక్షలకు మాత్రమే రక్తం ఇచ్చి వచ్చాను. హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది, థైరాయిడ్ బాగానే ఉంది, చక్కెర కూడా మామూలుగానే ఉంది. వచ్చే వారం స్కానుకు వెళుతున్నాను. ఒక చిన్న సందేహం మిగిలింది. నా కాపర్-టీ కార్డు వెతికి చూస్తే, పదేళ్ల గడువు ఈ ఏడాదితో పూర్తవుతుంది. నెలసరి ఎలాగూ ఆగిపోతోంది కదా, తీయించుకుని ఊరుకోవచ్చా?

స్త్రీవైద్య నిపుణురాలు, వరంగల్:

ఊరుకోవద్దు. అండం కొన్ని నెలల్లో విడుదల కాకపోయినా, మిగతా నెలల్లో అవుతూనే ఉంటుంది, అది ఏ నెల అనేది ముందుగా తెలియదు. 50 ఏళ్ల లోపు ముట్లు ఆగితే ఆఖరి నెలసరి తరువాత రెండేళ్ల వరకు, 50 దాటాక ఆగితే ఒక ఏడాది వరకు గర్భనిరోధక పద్ధతి ఏదో ఒకటి కొనసాగించాలన్నది నియమం. గడువు తీరిన కాపర్-టీని స్కాను తరువాత తీయించండి. అదే సమయంలో, స్కానులో వేరే కారణం కనబడకపోతే, ప్రొజెస్టరాన్ రకం హార్మోన్‌ను కొద్ది కొద్దిగా వదిలే ఐయూడీ (కాపర్-టీ లాగే గర్భసంచిలో అమర్చే సాధనం) వేయించుకోవడం గురించి మీ వైద్యురాలిని అడగండి. అది గర్భాన్ని ఆపడంతో పాటు నెలసరిలో పోయే రక్తాన్ని బాగా తగ్గిస్తుంది, రేపు సెగలకు ఈస్ట్రోజెన్ అవసరమైతే గర్భసంచి పొరకు రక్షణగా కూడా పనికివస్తుంది. మొదటి కొన్ని నెలలు అప్పుడప్పుడు చుక్కలు కనిపించడం మామూలే.

హిమోగ్లోబిన్ 9.8 అంటే మీ గుండెదడకు, నీరసానికి సగం సమాధానం అక్కడే ఉండవచ్చు. ఐరన్ మాత్రలు ఇప్పుడే మొదలుపెట్టి, టీకి, మాత్రకు మధ్య కనీసం గంటసేపు ఎడం ఉంచండి. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా మరో మూడు నెలలు కొనసాగించండి. స్కాను రిపోర్టు వచ్చాక వివరాలు ఇక్కడ రాస్తే చూస్తాను.